పాత ఉద్యోగాల పీఎఫ్ ఖాతాలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈసారి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి: రెండు మూడు చోట్ల పనిచేసినవారు పాత భవిష్య నిధి ఖాతాలను ఏం చేయాలి అని. ఐదు ఉత్తరాలకు ఇక్కడ సమాధానాలిస్తున్నాము. రాసినవారి పేర్లు, సంస్థల పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాది కావలి. వయసు 44. ఎలక్ట్రీషియన్‌ను. 2009 జూన్ నుంచి 2013 ఫిబ్రవరి వరకు శ్రీపెరుంబుదూరులో ఒక వాహన విడిభాగాల కర్మాగారంలోను, 2014 జులై నుంచి 2019 సెప్టెంబరు వరకు శ్రీసిటీలోని మరో సంస్థలోను పనిచేశాను. 2020 నుంచి కృష్ణపట్నం ఓడరేవులో ఒక కాంట్రాక్టరు వద్ద ఉన్నాను. మొదటి ఉద్యోగానికి పాత పీఎఫ్ నంబరు మాత్రమే ఉంది. మిగతా రెండింటికీ వేర్వేరు సార్వత్రిక ఖాతా సంఖ్యలు (యూఏఎన్‌లు) ఉన్నాయి. పాత ఖాతాలు రెండూ క్లెయిమ్ చేసి డబ్బు తీసుకోవడమే తేలికని నెట్ సెంటరు అతను అంటున్నాడు. బదిలీ చేస్తే పింఛను వాటా పోతుందని తోటివారు అంటున్నారు. నేనేం చేయాలి?

సమాధానం: కలపండి, తీసుకోవద్దు. ఈ సలహాకు ప్రధాన కారణం ఖాతాలోని సొమ్ము కాదు, మీ సర్వీసు సంవత్సరాలు.

మీ వేతనం నుంచి కోసే 12 శాతం పూర్తిగా పీఎఫ్ ఖాతాలో జమవుతుంది. యజమాని ఇచ్చే 12 శాతంలో 8.33 శాతం 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకానికి, మిగిలిన 3.67 శాతం పీఎఫ్‌కు చేరుతాయి. పింఛను పథకంలో 58 ఏళ్లకు నెలవారీ పింఛను రావాలంటే కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి; ఆరు నెలలు, అంతకు మించిన అదనపు కాలాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి తొమ్మిదిన్నరేళ్లు నిండినా సరిపోతుంది. మీ మొదటి ఉద్యోగం మూడేళ్ల తొమ్మిది నెలలు, రెండోది ఐదేళ్ల మూడు నెలలు. విడివిడిగా చూస్తే దేనికీ పింఛను లేదు, రెండూ కలిపితే సరిగ్గా తొమ్మిదేళ్లు, వాటికి ఓడరేవు సర్వీసు చేరిస్తే పదేళ్ల గీత ఎప్పుడో దాటిపోయింది. నెట్ సెంటరులో పీఎఫ్ సొమ్ము తీసుకునే ఫారం 19తో పాటు ఫారం 10సి కూడా నింపి పాత పింఛను వాటాను తీసుకుంటే ఆ తొమ్మిదేళ్లు మీ సర్వీసులోంచి శాశ్వతంగా తుడిచిపెట్టుకుపోతాయి, మళ్లీ కట్టి తెచ్చుకునే వీలుండదు.

ఆ తొమ్మిదేళ్ల విలువ ఎంతో లెక్క వేసి చూద్దాము. పింఛను లెక్క సులభమే: చివరి 60 నెలల సగటు వేతనాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు. పింఛను లెక్కకు తీసుకునే వేతన పరిమితి 2014 ఆగస్టు 31 వరకు 6,500 రూపాయలు, ఆ మరుసటి రోజు నుంచి 15,000 రూపాయలు కాబట్టి, ఆ తేదీకి ముందున్న సర్వీసును పాత పరిమితితోను, తర్వాతి దానిని కొత్త పరిమితితోను విడదీసి లెక్కిస్తారు. రెండు కాలాల్లోనూ మీ వేతనం పరిమితికి చేరిందనుకుంటే, పాత ఉద్యోగాలు రెండూ కలిసి మీ నెలవారీ పింఛనుకు చేర్చేది సుమారు 1,450 రూపాయలు. ఈ మొత్తం మీరున్నంత కాలం వస్తుంది, మీ తర్వాత మీ భార్యకు అందులో సగం అందుతుంది. మొత్తం సర్వీసు 20 ఏళ్లు నిండితే మరో రెండేళ్లు అదనంగా కలుపుతారు. నా అభిప్రాయంలో, ఇంత చూసిన తర్వాత కూడా సొమ్ము తీసుకోవాలంటే ఇంట్లో నిజంగా వేరే దారి లేని అవసరం ఉండాలి.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి, ఎందుకంటే మీకు అదే ఎక్కువ ముఖ్యం కావచ్చు. 2014 సెప్టెంబరు 1 తర్వాత 15,000 రూపాయలకు మించిన వేతనంతో మొదటిసారి పీఎఫ్‌లో చేరినవారికి పింఛను పథకంలో సభ్యత్వం ఉండదు; అంతకు ముందే సభ్యులైనవారికి మాత్రం వేతనం పెరిగినా కొనసాగుతుంది. కాంట్రాక్టరు మీకు కొత్త యూఏఎన్ తీసుకున్నాడంటే, మిమ్మల్ని కొత్తగా చేరినవారిగానే చూపి ఉండవచ్చు. కాబట్టి ఇప్పటి ఖాతా పాస్‌బుక్ తెరిచి చివరనున్న పింఛను గడిని నెలనెలా చూడండి. అందులో 1,250 రూపాయలో, మీ వేతనాన్ని బట్టి అంతకు తక్కువ మొత్తమో పడుతుంటే ఇబ్బంది లేదు. అన్నీ సున్నాలే ఉండి, యజమాని వాటా మొత్తం పీఎఫ్ గడిలోనే పడుతుంటే, మీరు 2009 నుంచే పింఛను పథక సభ్యులని కాంట్రాక్టరుకు రాతపూర్వకంగా తెలియజేసి సరిచేయించుకోవాలి. దానికి మీ చేతిలో ఉన్న ఆధారం ఆ పాత ఖాతాలే. వాటిని క్లెయిమ్ చేసి మూసేస్తే ఆ ఆధారాన్ని మీరే పోగొట్టుకున్నట్టవుతుంది.

పింఛను వాటా పోతుందన్న భయానికి కారణం కూడా ఆ గడిలోనే ఉంది. బదిలీ పూర్తయ్యాక కొత్త పాస్‌బుక్‌లో ఉద్యోగి వాటా, యజమాని వాటా పాత మొత్తాలతో కనిపిస్తాయి, పింఛను గడిలో మాత్రం సున్నా ఉంటుంది. అది చూసి డబ్బు ఎవరో తిన్నారనుకుని ఫిర్యాదులు పెట్టేవారు ఎందరో. పింఛను వాటా మీ పేరున విడిగా నిలవ ఉండే సొమ్ము కాదు, ఉమ్మడి నిధిలో చేరేది. బదిలీలో కదిలేది దాని మొత్తం కాదు, మీ సర్వీసు వివరాలు. అవి అనెగ్జర్ కె అనే పత్రంలో ఉంటాయి: ఎక్కడ, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పనిచేశారు, ఎంత వేతనం, ఎన్ని రోజులు చందా లేదు అన్నవి అందులో నమోదవుతాయి. దానిని దింపుకుని తేదీలు మీ నియామక పత్రంతో సరిపోల్చుకుని, ఒక ప్రతి ఇంట్లో భద్రపరచుకోండి.

ఇక చేసే పద్ధతి. ఇప్పటి యజమాని జమ చేస్తున్న యూఏఎన్‌నే ఉంచుకోవాలి, పాతవి దానిలోకి రావాలి. ఆధార్ ఒక్క యూఏఎన్‌కు మాత్రమే అనుసంధానమవుతుంది కనుక, అది ఇప్పటి సంఖ్యకే ఉందో లేదో ముందుగా నిర్ధారించుకోండి. సభ్యుల పోర్టల్‌లో ఆన్‌లైన్ సేవల కింద ‘వన్ మెంబర్ వన్ ఈపీఎఫ్ అకౌంట్’ అనే విభాగంలో శ్రీసిటీ ఖాతా వివరాలిచ్చి, ఫోనుకు వచ్చే ఓటీపీతో దరఖాస్తు పంపవచ్చు. ఒకే ఆధార్‌కు చెందిన ఖాతాల మధ్య, పేరు, పుట్టిన తేదీ, లింగం సరిపోయినప్పుడు, 2025 జనవరి నుంచి చాలా సందర్భాల్లో యజమానుల ఆమోదం అవసరం లేకుండానే బదిలీ సాగుతోంది. ఒక సంస్థ నుంచి మరో సంస్థకు మారేటప్పుడు తేదీలు కొన్ని రోజులు ఒకదానిపై ఒకటి పడినా, ఆ ఒక్క కారణంతో బదిలీని తిరస్కరించరాదని 2025 మేలో కార్యాలయాలకు ఆదేశాలు వెళ్లాయి. కాంట్రాక్టర్లు మారే చోట పనిచేసేవారు ఇది గుర్తుంచుకోవాలి.

మొదటి ఖాతా కొంత ఓపిక అడుగుతుంది. యూఏఎన్ పద్ధతి 2014 అక్టోబరులో మొదలైంది, మీరు ఆ కర్మాగారం వదిలింది 2013లో. పాత పే స్లిప్పుపైనో, సంవత్సరానికి ఒకసారి ఇచ్చే పీఎఫ్ చీటీపైనో ఉన్న సంఖ్యను ముందున్న అక్షరాలతో సహా తీసుకోండి. ఖాతా ఏ ప్రాంత కార్యాలయానిదో అవే చెబుతాయి. హైదరాబాద్ పాత ఖాతాలు నేటికీ ఏపీ అన్న అక్షరాలతోనే మొదలవుతాయి కాబట్టి, ఆ అక్షరాలు చూసి ఏ విజయవాడ కార్యాలయానిదో అని పొరబడవద్దని ఇతర పాఠకులకు కూడా ఇక్కడే చెబుతున్నాను. పోర్టల్ ఆ సంఖ్యను తీసుకోకపోతే బదిలీకి వాడే కాగితపు ఫారం 13 నింపి, ఇప్పటి యజమాని సంతకంతో పంపండి. ఆ సొమ్ముకు వడ్డీ ఆగిపోయిందని కంగారు పడనవసరం లేదు. మూడేళ్లు జమ లేకపోతే వడ్డీ నిలిపే నిబంధన 2011 ఏప్రిల్‌లో వచ్చింది, దానిని 2016 నవంబరులో సవరించారు. ఇప్పుడు ఉద్యోగం మానేసినవారి ఖాతాకు కూడా 58 ఏళ్ల వయసు వరకు వడ్డీ జమవుతుంది. 2024–25కు ఆ రేటు 8.25 శాతం.

ఆదాయపు పన్నులోనూ కలపడమే మేలు. ఐదేళ్లు నిండని సర్వీసు మీద తీసుకున్న పీఎఫ్ పన్నుకు లోబడుతుంది, మొత్తం 50,000 రూపాయలు, అంతకు మించి ఉంటే పాన్ ఉన్నవారికి 10 శాతం, లేనివారికి 20 శాతం ముందే కోస్తారు. ఖాతా బదిలీ చేసుకుంటే పాత యజమాని వద్ద చేసిన కాలం కూడా ఆ ఐదేళ్లలో కలుస్తుంది. మీ మొదటి ఖాతా ఒంటరిగా ఉన్నంత కాలం మూడేళ్ల తొమ్మిది నెలల ఖాతాయే.

ప్రశ్న: మాది టంగుటూరు. పెళ్లికి ముందు, 2012 నుంచి 2016 వరకు, ఒక రొయ్యల శుద్ధి కర్మాగారంలో పనిచేశాను. అప్పటి ఖాతాలో పుట్టింటి ఇంటిపేరుంది. 2018 నుంచి మరో కర్మాగారంలో చేస్తున్నాను, ఇక్కడ ఆధార్ ప్రకారం అత్తింటి ఇంటిపేరుంది. మొదటి కర్మాగారం మూతపడింది, నేను మానేసిన తేదీని కూడా వాళ్లు నమోదు చేయలేదు. రెండుసార్లు దరఖాస్తు చేస్తే రెండుసార్లూ తిరస్కరించారు.

సమాధానం: బదిలీ దరఖాస్తు మూడోసారి పెట్టకండి, ఫలితం అదే వస్తుంది. ముందు పాత ఖాతాలోని వివరాలు సరికావాలి, ఆ తర్వాతే బదిలీ.

మన వైపు ఇంటిపేరును ఒక పొడి అక్షరంగా ముందు రాయడం, కొన్నిచోట్ల పూర్తిగా రాయడం, పెళ్లయ్యాక మార్చడం అన్నీ మామూలే. యంత్రానికి మాత్రం ఒక అక్షరం తేడా ఉన్నా వేరే మనిషే. సభ్యుల వివరాలు సరిచేసే దరఖాస్తును జాయింట్ డిక్లరేషన్ అంటారు. ఆధార్‌తో ధ్రువీకరించిన యూఏఎన్ 2017 అక్టోబరు 1న గాని, ఆ తర్వాత గాని వచ్చిందైతే పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, మానేసిన తేదీ వంటివి చాలావరకు సభ్యులే ఆన్‌లైన్‌లో దిద్దుకునే సౌలభ్యం 2025 జనవరిలో వచ్చింది. మీ మొదటి ఖాతా అంతకన్నా పాతది, దానికి యజమాని ధ్రువీకరణ కావాలి, ఆ యజమాని ఇప్పుడు లేడు. ఇటువంటివారు కాగితపు జాయింట్ డిక్లరేషన్‌ను గెజిటెడ్ అధికారి వంటి అధీకృత వ్యక్తి చేత ధ్రువీకరింపజేసి, ఆధార్, వివాహ ధ్రువపత్రం, పాత గుర్తింపు కార్డో, పే స్లిప్పో జత చేసి పీఎఫ్ కార్యాలయంలో ఇవ్వాలి. మానేసిన తేదీని కూడా అదే కాగితంలో అడగండి. చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఆ తేదీని సభ్యులే పోర్టల్‌లో నమోదు చేసుకునే వీలుందని మీకెవరైనా చెప్పి ఉండవచ్చు. అది నిజమే, కాని దానికి ఆ యూఏఎన్‌కే ఆధార్ ఉండాలి, మీ ఆధార్ రెండోదానికి ఉంది.

ప్రతి నెలా 27న ప్రతి జిల్లాలోను పీఎఫ్ సంస్థ ‘నిధి ఆప్‌కే నికట్’ పేరుతో శిబిరం నిర్వహిస్తుంది, ఆ రోజు సెలవైతే మరుసటి పనిదినాన ఉంటుంది. దూరపు కార్యాలయానికి తిరగడం కన్నా అసలు కాగితాలతో అక్కడికి వెళ్లడం మేలు. తీసుకున్న కాగితానికి రసీదు తప్పక అడగండి.

సరుకు రాని నెలల్లో మీకు పని ఉండదు కదా. ఆ రోజులు చందా లేని రోజులుగా నమోదై పింఛను సర్వీసులోంచి తగ్గుతాయి. అనెగ్జర్ కె వచ్చాక ఆ అంకెను మీ హాజరుతో పోల్చి చూసుకోండి. పని చేసిన నెలలు కూడా అందులో పడి ఉంటే అప్పుడే అభ్యంతరం చెప్పాలి, 58 ఏళ్లకు చెబితే రుజువు దొరకదు.

ప్రశ్న: నెల్లూరులో ఒక ప్రైవేటు పాఠశాలలో ఏడేళ్లకు పైగా పనిచేసి, 2025 మెగా డీఎస్సీలో ఉపాధ్యాయురాలిగా ఎంపికయ్యాను. నా పీఎఫ్‌ను ప్రభుత్వ సీపీఎస్ (చందా పింఛను పథకం) ఖాతాలో కలపవచ్చునా?

సమాధానం: కాగితం మీద అవకాశం ఉంది. గుర్తింపు పొందిన భవిష్య నిధి నుంచి మీ సీపీఎస్ నడిచే జాతీయ పింఛను పథకం (ఎన్‌పీఎస్)లోకి బదిలీని 2017లో పింఛను నియంత్రణ సంస్థ అనుమతించింది. అయితే ఆ బదిలీ మీ ప్రస్తుత యజమాని, అంటే మీ విద్యాశాఖ కార్యాలయం ద్వారానే నడవాలి, అక్కడ ఇది రోజూ చేసే పని కాదు. పైగా ఎన్‌పీఎస్‌లో చేరిన సొమ్ము పదవీ విరమణ వరకు చాలావరకు బందీ అవుతుంది. మీ స్థానంలో ఉంటే నేను ఆ దారిలో వెళ్లను. సర్వీసు ఐదేళ్లు దాటింది కనుక పీఎఫ్ తీసుకున్నా దానిపై పన్ను ఉండదు. తొందర లేకపోతే ఖాతాలోనే ఉంచవచ్చు, కాని ఉద్యోగం వదిలిన తర్వాత చేరే వడ్డీకి పన్ను వర్తిస్తుంది. పింఛను వాటా సంగతి వేరు: ప్రభుత్వ సర్వీసు పదేళ్ల లెక్కలో కలవదు, మళ్లీ ప్రైవేటు ఉద్యోగానికి వెళ్లే ఉద్దేశం లేకపోతే ఫారం 10సి ద్వారా తీసుకోవడమే సబబు. ఎన్ని నెలలు ఆగాలన్నది మాత్రం దరఖాస్తుకు ముందు పోర్టల్‌లో చూసుకోండి. ఇదివరకు రెండు నెలలుండేది; పీఎఫ్‌కు 12 నెలలు, పింఛను వాటాకు 36 నెలలు చేయాలని పీఎఫ్ సంస్థ ట్రస్టీల బోర్డు 2025 అక్టోబరులో నిర్ణయించింది.

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాదులో ఒక పెద్ద ఐటీ సంస్థ వదిలి చిన్న సంస్థలో చేరాడు. పాత సంస్థ పీఎఫ్ పాస్‌బుక్ పోర్టల్‌లో తెరుచుకోవడం లేదు. డబ్బు ఉందా, లేదా అని ఆందోళనగా ఉంది. మేము నెల్లూరులో ఉంటాము.

సమాధానం: ఉండే ఉంటుంది. కొన్ని పెద్ద సంస్థలు అనుమతి పొంది పీఎఫ్‌ను సొంత ట్రస్టులో నడుపుతాయి. ఆ ఖాతాల పాస్‌బుక్ పీఎఫ్ సంస్థ పోర్టల్‌లో కనిపించదు, ట్రస్టునే అడగాలి. బదిలీ దరఖాస్తు మాత్రం అదే పోర్టల్‌లో పెట్టవచ్చు. పాత సంస్థ ఆమోదించి, ట్రస్టు సొమ్మును, అనెగ్జర్ కెను కొత్త ఖాతాకు పంపాలి, అందుకే ఇక్కడ యజమాని ప్రమేయం తప్పదు. ట్రస్టు ఉన్నా పింఛను వాటా సాధారణంగా పీఎఫ్ సంస్థకే వెళుతుంది. కొన్నిసార్లు సొమ్ము వచ్చి సర్వీసు వివరాలు రావు. అబ్బాయి పాస్‌బుక్‌లో అంకె చూసి తృప్తి పడకుండా, సర్వీసు చరిత్రలో పాత సంస్థ తేదీలు చేరాయో లేదో చూసుకోవాలి. ఉద్యోగం మారిన కొత్తలో పాత సంస్థలో ఫోన్ ఎత్తేవారుంటారు. రెండేళ్లు పోతే ఆ విభాగంలో మనుషులే మారిపోతారు.

ప్రశ్న: చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో ఆరేళ్లు చేసి 2017లో మానేశాను. మరుసటి ఏడాది ఒక మధ్యవర్తి ద్వారా పీఎఫ్ డబ్బు తీసుకున్నాను. 2021 నుంచి ఒంగోలులో మరో సంస్థలో చేస్తున్నాను. పాత ఆరేళ్లు పోయినట్లేనా?

సమాధానం: ఆ మధ్యవర్తి మీ చేత ఏ ఫారం పెట్టించాడన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఫారం 19 పీఎఫ్‌కు, 10సి పింఛను వాటాకు. 2018 నాటి బ్యాంకు పాస్‌బుక్ తీసి చూడండి: పీఎఫ్ సంస్థ నుంచి వేర్వేరు మొత్తాలతో రెండు జమలుంటే, రెండోది, చిన్నది, బహుశా పింఛను వాటాయే, ఆ ఆరేళ్లు పోయినట్టే. ఒక్క జమే ఉంటే ఆశ ఉంది. పోర్టల్‌లో క్లెయిమ్ స్థితి చూసి అదే నిజమని నిర్ధారించుకోండి.

పీఎఫ్ తీసుకున్నంత మాత్రాన పింఛను సర్వీసు రద్దు కాదు. ఆ ఖాతాలో ఇప్పుడు బదిలీ చేయడానికి సొమ్ము లేదు కనుక ఫారం 13 పనికిరాదు. పాత సర్వీసుకు స్కీమ్ సర్టిఫికెట్ (పింఛను సర్వీసును ధ్రువీకరించే పత్రం) తీసుకుని, దానిని ఇప్పటి సంస్థ ద్వారా పీఎఫ్ కార్యాలయంలో దాఖలు చేస్తే ఆ ఆరేళ్లు ఇప్పటి సర్వీసుతో కలుస్తాయి. దీనికి వాడేది కూడా ఫారం 10సి యే, చిక్కంతా అక్కడే ఉంది. ఉపసంహరణకు బదులుగా స్కీమ్ సర్టిఫికెట్ స్వీకరిస్తారా అని ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. దానికి అవునని రాయాలి. ఖాళీగా వదిలినా, కాదని రాసినా చేతికొచ్చేది సర్టిఫికెట్ కాదు, డబ్బు. ఈసారి ఫారాన్ని మధ్యవర్తికి ఇవ్వకుండా మీరే నింపి, సంతకం చేసేముందు ఆ గడిని మరొకసారి చదువుకోండి.